కరకట్ట పక్క ఇల్లు, బురద పక్క ఊరు: డచ్ పేర్ల వెనక నేల కథ

కంప్యూటర్ సైన్స్ చదివినవాళ్లలో డైక్‌స్ట్రా అల్గారిథమ్ పేరు విననివాళ్లు ఉండరు. ఒక చోటి నుంచి ఇంకో చోటికి అతి దగ్గరి దారి ఏదో లెక్కగట్టే పద్ధతి అది. పరీక్షల ముందు రోజు రాత్రి దాంతో కుస్తీ పట్టని బీటెక్ విద్యార్థి అరుదు. దాన్ని 1959లో ప్రచురించిన ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1930లో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో పుట్టాడు. ఆయన ఇంటిపేరును విడదీస్తే 'డైక్' అంటే కరకట్ట, 'స్ట్రా' అంటే అక్కడ కాపురముండేవాడు. మొత్తం కలిపితే 'కరకట్టవారు'. ఇక ఆయన పుట్టిన ఊరి పేరుకు అర్థం రోటె అనే ఏటికి అడ్డంగా కట్టిన కట్ట. 1270 ప్రాంతంలో ఆ కట్ట వేశారు, దాని చుట్టూ ఊరు పెరిగింది. ఇంటిపేరూ కట్టే, ఊరిపేరూ కట్టే.

ఇది యాదృచ్ఛికం అనుకోనక్కర్లేదు. నెదర్లాండ్స్ పాత టెలిఫోన్ డైరెక్టరీని ఎక్కడ తెరిచినా కరకట్టలు, గుట్టలు, వాగులు, పొదలు, తూములు, బురదనేలలు వరస కడతాయి. మొదటిసారి చూసేవాళ్లకు ఇదంతా కాస్త నీరసంగా అనిపిస్తుంది కూడా. రాజుల పేర్లు లేవు, దేవుళ్ల పేర్లు తక్కువ, వీరగాథలు అసలే లేవు. కానీ ఆ దేశం ఎలాంటి నేల మీద నిలబడిందో గుర్తు చేసుకుంటే ఈ పేర్ల పట్టింపు అర్థమవుతుంది. దేశంలో దాదాపు పావు వంతు సముద్రమట్టానికి దిగువన ఉంది. పడమటి సగంలో ఒక మీటరు ఎత్తు తేడా అంటే పొడి ఇంటికీ మునిగిన ఇంటికీ ఉన్న తేడా. అలాంటి చోట ఫలానా స్థలం ఎంత తడి, ఎంత పొడి అన్నదే అన్నిటికంటే ముందు తెలియాల్సిన సంగతి. ఆ సంగతే పేరుగా నిలిచిపోయింది.

కట్టలతో మొదలుపెడదాం. ఆమ్‌స్టర్‌డామ్ అంటే ఆమ్‌స్టెల్ నది మీది కట్ట. 1275 అక్టోబర్ 27న హాలండ్ ప్రభువు ఐదో ఫ్లోరిస్ ఇచ్చిన సుంకం మినహాయింపు పత్రంలో ఈ ఊరి ప్రస్తావన మొదటిసారి కనిపిస్తుంది. అందులో ఊరికి పేరంటూ పెట్టినట్టు కూడా ఉండదు, 'ఆమ్‌స్టెల్ కట్ట దగ్గర నివసించే మనుషులు' అని మాత్రమే రాశారు. జాన్ నది మీద జాన్‌డామ్, స్కీ మీద స్కీడామ్, స్పార్నె మీద స్పార్న్‌డామ్. జున్నుకు పేరుమోసిన ఎడామ్ కూడా ఈ కుటుంబంలోదే. దాని పక్కనే వోలెన్‌డామ్ ఉంది. ఎడామ్ వాళ్లు 14వ శతాబ్దంలో సముద్రానికి దగ్గర దారిగా కొత్త కాలువ తవ్వుకుని, పాత నౌకాశ్రయాన్ని పూడ్చేశారు. ఆ పూడ్చిన కట్ట దగ్గర వెలసిన ఊరు కాబట్టి అదే పేరు వచ్చింది. మున్సిపాలిటీ ఇంజనీర్ల ఫైలులో ఉండాల్సిన ముక్క ఊరి పేరయి కూర్చుంది.

కట్టలు ఇన్ని ఊళ్లకు ఎందుకు జన్మనిచ్చాయో ఊహించడం కష్టం కాదు. ఏటికి అడ్డుకట్ట వేయగానే పడవలు అక్కడ ఆగాలి. సరుకు ఒక పడవలోంచి దించి కట్ట అవతల ఇంకో పడవలోకి ఎక్కించాలి. దించే చోట కూలీలు, కూలీలున్న చోట పూటకూళ్లు, ఆ వెనకే సుంకం వసూలుచేసే అధికారి. తూము ఉన్న చోటా అంతే. తూముకు ఉత్తరాది మాట 'జైల్', అందుకే డెల్ఫ్‌జైల్. పడమర వైపు 'స్లౌస్' అంటారు, అందుకే మాస్‌స్లౌస్. పింగాణీకి ప్రసిద్ధి చెందిన డెల్ఫ్ట్ పేరుకు మూలం 'తవ్వడం' అనే క్రియ. ఊరి నడుమ తవ్విన కాలువే ఆ పేరు.

కట్టలు రాకముందు జనం నీళ్లను ఎలా తప్పించుకున్నారన్న దానికి ఉత్తరాన ఫ్రీజ్‌లాండ్, గ్రోనింగెన్ ప్రాంతాల పేర్లు జవాబు చెబుతాయి. అక్కడి సముద్రతీరంలో రెండున్నర వేల ఏళ్ల కిందటే మట్టి, పేడ, చెత్త పోగేసి దిబ్బలు లేపి వాటిమీద ఇళ్లు కట్టుకున్నారు. క్రీస్తు శకం ఒకటో శతాబ్దంలో రోమన్ రచయిత ప్లినీ వాళ్లను చూసి విస్తుపోయాడు. పోటు వచ్చినప్పుడు వీళ్లు ఓడలో ఉన్నవాళ్లలా, ఆటు వచ్చినప్పుడు ఓడ పగిలి ఒడ్డున పడ్డవాళ్లలా కనిపిస్తారని రాశాడు. ఆ దిబ్బల్లో అన్నిటికంటే ఎత్తైనది హోగెబైన్‌టుమ్ ఊరిది, దాదాపు 9 మీటర్లు. ఈ దిబ్బను ఫ్రీజ్‌లాండ్‌లో 'టెర్ప్' అనీ, గ్రోనింగెన్‌లో 'వీర్డె' అనీ అంటారు. లేవార్డెన్, బోల్స్‌వార్డ్, హోల్వెర్డ్ లాంటి పేర్ల చివరి ముక్క ఇదే. టెర్ప్‌స్ట్రా, వీర్స్‌మా అనే ఇంటిపేర్లూ అక్కణ్ణుంచి వచ్చినవే. వెయ్యేళ్ల కిందట కరకట్టలు వచ్చాక దిబ్బల అవసరం తీరిపోయింది. తర్వాతి కాలంలో చాలా దిబ్బలను తవ్వి, ఆ సారవంతమైన మట్టిని పొలాలకు అమ్మేసుకున్నారు. దిబ్బ పోయినా టెర్ప్‌స్ట్రాలు మాత్రం మిగిలారు.

ఎత్తు గురించి డచ్ భాషకున్న పట్టింపు తమాషాగా ఉంటుంది. చిత్తడి మధ్య పొడిగా తేలిన ఇసుక మిట్ట 'డోంక్'. చెట్లతో కప్పిన మిట్ట 'హోర్స్ట్'. సముద్రపు పాత ఇసుక తిన్నె, ఇప్పుడు సాగుకు పనికొచ్చేది అయితే 'గేస్ట్'. ఇసుక గట్టు 'హార్'. ఆ గట్టు మీద అడవి, అడవిలో ఇళ్లు, మూడూ కలిస్తే హార్లెమ్. తూర్పున ఉన్న జ్వోలె పట్టణం పేరుకు మూలం 'ఉబ్బు', అంటే నదుల మధ్య నేల కాస్త ఉబ్బెత్తుగా ఉన్న చోటు. ఇక 'బెర్గ్' సరేసరి. జర్మనీలో ఆ మాటకు కొండ అని అర్థం. నెదర్లాండ్స్‌లో సైకిల్ తొక్కేవాడికి కాస్త ఆయాసం వస్తే చాలు, అది బెర్గ్. యూరప్ భూభాగంలోని నెదర్లాండ్స్‌లో అత్యున్నత శిఖరం వాల్సెర్‌బెర్గ్ ఎత్తు 322 మీటర్లు. తిరుమల కొండ ఎక్కినవాళ్లు దాన్ని చూసి మర్యాదకు తల ఊపాల్సిందే. అయినా 'వాన్ డెన్ బెర్గ్', అంటే 'కొండ దగ్గరివాళ్లు' అన్నది దేశంలోని అతి సాధారణమైన ఇంటిపేర్లలో ఒకటి. 2007 లెక్కల ప్రకారం 50 వేల మందికి పైగా ఈ పేరుతో ఉన్నారు.

కొండల్లేని దేశంలో కొండవారు ఇంతమంది ఏమిటి? ఇంటిపేరు ఎలా పుడుతుందో చూస్తే వింతేమీ లేదు. ఊళ్లో యాన్ అనే పేరున్నవాళ్లు ముగ్గురు ఉంటే ఒకణ్ణి ఇంకొకడి నుంచి వేరుచేసి చెప్పాలి. హిమాలయాల్లో 'కొండ దగ్గర యాన్' అంటే ఎవరికీ ఏమీ తెలియదు. బల్లపరుపు నేల మీద ఒకే ఒక్క మిట్ట ఉన్నప్పుడు మాత్రం అది కచ్చితమైన అడ్రస్. అరుదైనదే గుర్తుగా పనికొస్తుంది. పైగా ప్రతి ప్రాంతంలోనూ ఒక మిట్ట ఉంది, దాని పక్కన ఒక యాన్ ఉన్నాడు. అందుకే వాన్ డెన్ బెర్గ్‌లంతా ఒకే వంశం అనుకోకూడదు. ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా వందల చోట్ల ఆ పేరు విడివిడిగా పుట్టింది.

తడి వైపు మాటలు ఇంకా సూక్ష్మం. 'బ్రూక్' అంటే ఏడాదిలో కొంతకాలం నీరు నిలిచే పల్లపు బాడవ. బ్రస్సెల్స్ పాత రూపం బ్రూక్‌సేల, బాడవలోని నివాసం. 'బేక్' అంటే వాగు, 'మేర్' అంటే సరస్సు, 'వార్డ్' అంటే నదీపాయల మధ్య నేల. గోదావరి జిల్లాల వాళ్లకు 'లంక' అంటే చాలు, వేరే వివరణ అక్కర్లేదు. 'వోర్ట్' అంటే ఏరు నడిచి దాటగలిగే చోటు, ఆమెర్స్‌ఫోర్ట్‌లో ఉన్నది అదే. ఊట్రెక్ట్, మాస్ట్రిక్ట్ పేర్ల చివర ఉన్నది కూడా ఏరు దాటే చోటే, కాకపోతే అది రోమన్ల లాటిన్ మాట అరిగిపోయి మిగిలిన రూపం. ఇక ఒట్టి 'ఆ' అనే ఒక్క అక్షరం కూడా ఏటి పేరే. ఆ పేరుతో చిన్నాపెద్దా ఏళ్లు చాలా ఉన్నాయి. వెడల్పాటి 'ఆ' ఉన్న చోటు బ్రేడా.

అయితే ఈ పేర్లన్నిటిలో అసలు కథ ఉన్నది 'వేన్' అనే మాటలో. అమ్‌స్టెల్‌వేన్, హేరెన్‌వేన్, హోగెవేన్, వేనెన్‌డాల్, వేన్‌స్ట్రా. వేన్ అంటే పీట్ నేల. చచ్చిన నాచు, రెల్లు నీళ్లలో పూర్తిగా కుళ్లకుండా వేల ఏళ్లపాటు పొరలు పొరలుగా పేరుకుంటే తయారయ్యే నల్లటి మెత్తటి నేల అది. ఎండబెడితే పిడకలా మండుతుంది. వెయ్యేళ్ల కిందట హాలండ్, ఊట్రెక్ట్ ప్రాంతాల్లో ఎక్కువ భాగం మనిషి అడుగుపెట్టని పీట్ ఊబి. విచిత్రమేమిటంటే అప్పట్లో ఆ నేల సముద్రమట్టానికి కొన్ని మీటర్ల ఎత్తున, నీళ్లు పీల్చుకున్న దిండులా ఉబ్బి ఉండేది.

11 నుంచి 13వ శతాబ్దాల మధ్య హాలండ్ ప్రభువూ, ఊట్రెక్ట్ బిషప్పూ ఈ ఊబిని జనానికి ప్లాట్లు వేసి ఇచ్చారు. ఒప్పందం రాసుకోవాలి, నామమాత్రపు శిస్తు కట్టాలి, కాలువలు తవ్వి నేలను సాగులోకి తేవాలి. బదులుగా వచ్చినవాడు ఎవరికీ కట్టుబానిసగా ఉండక్కర్లేదు. ఒక్కో ప్లాటు మామూలుగా దాదాపు 1,250 మీటర్ల పొడవు, 110 మీటర్లకు కాస్త అటూఇటూ వెడల్పు. ఈ ఒప్పందాన్ని 'కోప్' అనేవారు. ఇప్పటి డచ్‌లో 'కొనడం' అన్న మాటకు చుట్టమే అది. నర్సరీ మొక్కలకు పేరున్న బోస్‌కోప్, పక్కనున్న నీయుకోప్, ఊట్రెక్ట్ వైపు బెన్‌స్కోప్, హైకోప్ అన్నీ ఆ రిజిస్ట్రేషన్ కాగితాల జ్ఞాపకాలే. విమానంలోంచి చూస్తే ఆ సన్నటి పొడవాటి ప్లాట్లు ఇవాళ్టికీ గళ్లుగళ్లుగా కనిపిస్తాయి.

ఆ కోప్ గ్రామాల మధ్యలో మరికొన్ని వింత పేర్లు తగులుతాయి. కామెరిక్, కోకెంగెన్, పోర్టెంగెన్, డెమెరిక్. ఊబి మధ్యలో వెలసిన ఈ పల్లెలకు దూరదేశాల పేర్లు పెట్టారని భాషా పరిశోధకులు భావిస్తున్నారు. కామెరిక్ అంటే ఫ్రాన్స్‌లోని కాంబ్రే నగరం. పోర్టెంగెన్ బ్రిటనీ, డెమెరిక్ డెన్మార్క్. కోకెంగెన్ ఏకంగా 'కొకేన్', అంటే ఐరోపా జానపద కథల్లో ఏ పనీ చేయకుండానే కాల్చిన కోళ్లు నోట్లోకి ఎగిరొచ్చి పడే భోగభూమి. మోకాలి లోతు బురదలో కాలువ తవ్వడానికి మనుషుల్ని రప్పించాలంటే ఏదో ఒక ఆశ చూపించాలి కదా. హైదరాబాద్ శివార్లలో రాళ్లగుట్ట మీద వెంచర్ వేసి దానికి ఇటలీ ఊరి పేరు పెట్టే రియల్టర్ ఆ బిషప్ గారి వారసుడే.

ఆ వచ్చినవాళ్లకు తెలియని సంగతి ఒకటుంది. పీట్‌లోంచి నీరు తీసేస్తే అది ఎండి కుంచించుకుపోతుంది, గాలి తగిలి మెల్లగా క్షీణిస్తుంది. నేల కిందికి దిగుతుంది. దిగిన నేలలో మళ్లీ నీరు చేరుతుంది. ఇంకా లోతుగా కాలువ తవ్వాలి, నేల ఇంకా దిగుతుంది. దీనికి తోడు వంటచెరకుగా పీట్‌ను తవ్వి పట్టణాలకు అమ్మారు, తవ్విన చోట్ల సరస్సులు ఏర్పడ్డాయి. రెండు మూడు వందల ఏళ్లకల్లా ఎత్తున ఉన్న ఊబి సముద్రం కంటే దిగువకు వచ్చేసింది. 15వ శతాబ్దం నుంచి నీళ్లు తోడే గాలిమరలు వచ్చింది అందుకే. పోస్టుకార్డుల మీద కనిపించే ఆ హాలండ్ దృశ్యం ఒక రకంగా కోప్ ఒప్పందాలకు చెల్లించిన వడ్డీ. వేన్, కోప్ ఊళ్ల పేర్లు కలిపి చదివితే దేశం ఎలా కిందికి దిగిందో పటం మీదే కనిపిస్తుంది. డచ్ పేర్ల విలువ ఇక్కడుంది. అవి నేల ఇప్పుడు ఎలా ఉందో చెప్పవు, మనిషి చెయ్యి పడకముందో, పడిన క్షణంలోనో ఎలా ఉందో చెబుతాయి.

ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో పీట్ తవ్వకం పెద్ద వ్యాపారంగా సాగింది. 1551లో కొందరు ప్రభువులు కలిసి కంపెనీలా ఏర్పడి తవ్వకం మొదలుపెట్టిన చోటు హేరెన్‌వేన్, 'దొరల పీట్ నేల'. డ్రెంతె రాష్ట్రంలో గాసెల్టెర్నైవేన్‌స్కెమోండ్ అనే ఊరుంది. బోర్డు మీద పట్టదు గానీ అర్థం సులువు. గాసెల్టె ఊరివాళ్ల కొత్త పీట్ నేలలోంచి వచ్చే కాలువ ముఖద్వారం. పీట్ పడవలు బయటికి వచ్చే చోటు. పీట్ ఎప్పుడో అయిపోయింది, ఇప్పుడక్కడ పొలాలే.

ఇలా వస్తువు పోయి పేరు మిగిలిన ఉదాహరణలు అడుగడుగునా ఉన్నాయి. జూటర్‌మేర్ అంటే 'మంచినీటి సరస్సు'. లక్షకు పైగా జనాభా ఉన్న ఆ నగరంలో పేరుకు కారణమైన సరస్సును 17వ శతాబ్దం మొదట్లోనే ఎండగట్టేశారు. ఆ శతాబ్దంలో ఉత్తర హాలండ్ సరస్సులు వరసగా పొలాలయ్యాయి. బేమ్‌స్టర్ 1612లో, పుర్మర్ 1622లో, స్కెర్మర్ 1635లో. ఆ పనుల్లో పేరు తెచ్చుకున్న గాలిమరల నిపుణుడు యాన్ లేగ్‌వాటర్. 'లేగ్' అంటే ఖాళీ అనీ పల్లం అనీ కూడా వస్తుంది, 'వాటర్' అంటే నీరే. సరస్సులు ఖాళీ చేసేవాడికి అంతకంటే తగిన పేరు ఎవరూ పెట్టలేరు. ఆయన కలగన్న అతిపెద్ద సరస్సు హార్లెమర్‌మేర్ మాత్రం ఆయన పోయిన 200 ఏళ్లకు గానీ లొంగలేదు. 1836 తుఫానుల్లో దాని నీరు ఆమ్‌స్టర్‌డామ్, లైడెన్ పొలిమేరల దాకా వచ్చాక ప్రభుత్వం పట్టుబట్టింది. మూడు ఆవిరి పంపు కేంద్రాలు 1849 నుంచి 1852 వరకు తోడిపోశాయి. అందులో ఒకదాని పేరు లేగ్‌వాటర్. స్కిపోల్ విమానాశ్రయం ఆ సరస్సు అడుగునే, సముద్రమట్టానికి 3 మీటర్లకు పైగా దిగువన ఉంది. దాని చుట్టూ ఉన్న మున్సిపాలిటీని ఇప్పటికీ హార్లెమర్‌మేర్, 'హార్లెమ్ సరస్సు' అనే పిలుస్తారు.

అడవులదీ ఇదే కథ. 'వౌడ్' అంటే అడవి, పడమర వైపు చిత్తడి అడవి. జూటర్‌వౌడె, హాజెర్స్‌వౌడెలో ఇప్పుడు ఆవులు మేసే పచ్చిక తప్ప అడవి లేదు. 'హౌట్' అంటే కలప, చెట్లు. దాని పాత రూపం 'హోల్ట్'. హాలండ్ అన్న పేరుకు మూలం ఈ హోల్ట్‌లాండ్, చెట్లున్న నేల. మొదట్లో ఈ పేరు హార్లెమ్ చుట్టుపక్కల ఇసుక తిన్నెల మీది అడవుల ప్రాంతానిది, తర్వాత మొత్తం రాష్ట్రానికీ, బయటివాళ్ల నోట ఏకంగా దేశానికీ పాకింది. పల్లపు నేల కాబట్టి 'హాలో లాండ్' అని చెప్పేవాళ్లు ఎక్కువ. వినడానికి బాగుంటుంది గానీ పాత పత్రాల్లోని స్పెల్లింగ్ ఒప్పుకోదు. ఈ హోల్ట్‌లాండే పోర్చుగీసు వాళ్ల ఉచ్చారణలో 'ఒలాండా' అయి, తెలుగు తీరంలో 'వలందులు' అయింది. 17వ శతాబ్దం మొదట్లో బందరులో వర్తకం పెట్టిన డచ్ వాళ్లను అలానే పిలిచేవారు. మచిలీపట్నంలో వలందపాలెం ఇప్పటికీ ఉంది.

పేరును ఇప్పుడు కనిపించే రూపాన్ని బట్టి చదవకూడదనడానికి లైడెన్ ఇంకో సాక్ష్యం. ఐరోపాలో పునర్వికాస కాలపు పండితులకు తమ ఊరికి రోమన్ పుట్టుక అంటగట్టాలన్న తహతహ. లైడెన్ అంటే రోమన్ రికార్డుల్లోని లుగ్డునుమ్ అని తేల్చేశారు. 1575లో పెట్టిన విశ్వవిద్యాలయం లాటిన్ పేరులో దాన్ని చెక్కేశారు కూడా. అసలు లుగ్డునుమ్ సముద్రం ఒడ్డున కాట్‌వైక్ దగ్గర ఉండేది. లైడెన్ పాత రూపం లైతోన్, నీటిదారుల పక్కనున్న ఊరు. వంశవృక్షాలకు మెరుగులు దిద్దడం మనుషులకే పరిమితం కాదు, ఊళ్లకూ అలవాటే.

ఇంటిపేర్ల దగ్గరికి వస్తే, ముందు 'వాన్' సంగతి తేల్చుకోవాలి. జర్మన్ 'ఫోన్' లాగా ఇదేదో జమీందారీ బిరుదు అనుకునేవాళ్లున్నారు. అలాంటిదేమీ లేదు. 'నుంచి' అనే మామూలు విభక్తి అది. వాన్ డైక్ అంటే కరకట్ట నుంచి వచ్చినవాడు. వాన్ డెర్ మేర్ సరస్సు నుంచి, వాన్ డెర్ హైడె పొదల మైదానం నుంచి, వాన్ డెన్ బోస్ అడవి నుంచి. 'వాన్ డెర్' గబగబా పలికితే 'వెర్' అవుతుంది. చిత్రకారుడు వెర్మేర్ పేరు అలా కుంచించుకున్న వాన్ డెర్ మేర్. వెర్హూవెన్ కూడా అంతే, భూమి కొలతైన 'హూవె' దాంట్లో ఉంది. ఫార్ములా వన్ చూసేవాళ్లకు తెలిసిన వెర్స్టాపెన్‌లోనూ ఆ వెర్ ఇదే. తూర్పు వైపు వెళితే 'నుంచి' బదులు 'వద్ద' వస్తుంది. టెర్ హోర్స్ట్, టెన్ బ్రింక్. హోర్స్ట్ వద్ద, ఊరి మధ్య పచ్చిక మైదానం వద్ద. కొన్ని పేర్లు ఇంకా ముచ్చటగా ఉంటాయి. ఇన్‌ట్‌వెల్డ్ అంటే పొలంలో, ఆక్టర్‌బెర్గ్ అంటే గుట్ట వెనక, ఔటెన్‌బోగార్డ్ అంటే పండ్లతోటలోంచి. పోస్ట్‌మ్యాన్‌కు చెప్పే గుర్తుల్లా ఉంటాయి ఇవి.

రెంబ్రాంట్ పూర్తి పేరులో ఈ పద్ధతి మొత్తం ఒకే వరసలో దొరుకుతుంది. రెంబ్రాంట్ హార్మెన్స్‌జోన్ వాన్ రైన్. సొంత పేరు, తర్వాత హార్మెన్ కొడుకు, తర్వాత రైన్ నది వాళ్లు. తండ్రికి లైడెన్ దగ్గర రైన్ ఒడ్డున మర ఉండేది. హీరోనిముస్ బోస్ అనే ఇంకో చిత్రకారుడి వంశం పేరు వాన్ ఆకెన్, అంటే జర్మనీలోని ఆఖెన్ నుంచి వచ్చినవాళ్లు. ఆయన మాత్రం తన ఊరు సెర్టోగెన్‌బోస్, 'డ్యూక్ గారి అడవి'లోని చివరి ముక్కను సంతకంగా పెట్టుకున్నాడు.

ఇంటిపేర్లు జనాభా మొత్తానికి స్థిరపడింది ఆలస్యంగానే. నెపోలియన్ నెదర్లాండ్స్‌ను ఫ్రాన్స్‌లో కలిపేసుకున్నాక 1811 ఆగస్టు 18న ఒక ఉత్తర్వు వచ్చింది. స్థిరమైన ఇంటిపేరు లేనివాళ్లంతా ఒకటి ఎంచుకుని నమోదు చేయించుకోవాలి. ఈ ఉత్తర్వు చుట్టూ అల్లిన కథ డచ్ వాళ్లకు మహా ఇష్టం. ఫ్రెంచి వాళ్లు ఎన్నాళ్లో ఉండరని, వాళ్లను ఆటపట్టించడానికి జనం తిక్క పేర్లు రాయించారట. ఉదాహరణగా 'నాక్ట్‌గెబోరెన్' అనే పేరు చూపిస్తారు, 'నగ్నంగా పుట్టినవాడు' అని. కానీ ఆ పేరు నెపోలియన్ కంటే ముందే ఉంది. 'తండ్రి పోయాక పుట్టినవాడు' అనే జర్మన్ మాట నలిగి ఇలా అయిందన్నది ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. నిజానికి పడమటి పట్టణాల్లో అప్పటికే దాదాపు అందరికీ ఇంటిపేర్లు ఉన్నాయి. ఉత్తర్వు ప్రభావం ఎక్కువగా పడింది ఫ్రీజ్‌లాండ్ లాంటి చోట్ల, అక్కడ చాలామంది తండ్రి పేరుతోనే నెట్టుకొచ్చేవారు. 'స్ట్రా' ఇంటిపేర్లు అంతమందికి ఒకేసారి అంటుకోవడానికి అదొక కారణం. హూక్‌స్ట్రా మూల ఇల్లు, జైల్‌స్ట్రా తూము పక్క ఇల్లు, వేన్‌స్ట్రా పీట్ దగ్గర ఇల్లు.

తూర్పున ట్వెంటె, ఆఖ్టర్‌హూక్ ప్రాంతాల్లో ఇంకో ఆనవాయితీ ఉండేది. ఇంటిపేరు మనిషిది కాదు, కమతానిది. ఇల్లరికం వచ్చిన అల్లుడు కమతం పేరే పెట్టుకునేవాడు. పేరు చివర 'ఇంక్' ఉంటే చాలావరకు ఆ బాపతే. ఫుట్‌బాల్ కోచ్ గుస్ హిడింక్ పుట్టింది అటువైపే.

తెలుగువాళ్లకు ఊరిపేరు ఇంటిపేరు కావడంలో కొత్తేమీ లేదు. 2023 జూన్ 26న హరారేలో జరిగిన ప్రపంచకప్ అర్హత మ్యాచ్‌లో వెస్టిండీస్ మీద నెదర్లాండ్స్ తరఫున 111 పరుగులు చేసిన తేజ నిడమనూరు విజయవాడలో పుట్టినవాడు. నిడమనూరు ఆ నగరం పక్కనున్న ఊరే. మ్యాచ్ టై అయితే సూపర్ ఓవర్లో 30 పరుగులు బాదినవాడు లోగన్ వాన్ బీక్, 'వాగు దగ్గరివాడు'. ఒక తేడా మాత్రం ఉంది. తెలుగు ఇంటిపేర్లలో పూర్వీకుల ఊరు ఎక్కువగా కనిపిస్తుంది, డచ్ వాళ్లలో ఊరు దాటి ఊళ్లోని కట్ట, మిట్ట, మూల దాకా వెళ్లిన పేర్లు చాలా ఎక్కువ.

ఆమ్‌స్టర్‌డామ్, ఐండ్‌హోవెన్‌లలో ఉద్యోగాలు చేస్తున్న తెలుగువాళ్లకు పనికొచ్చే చిన్న సంగతి. నెదర్లాండ్స్‌లో అక్షరక్రమంలో వాన్ లెక్కలోకి రాదు, వాన్ డైక్ కోసం 'డి' కింద వెతకాలి. సరిహద్దు దాటి బెల్జియం వెళితే అదే పేరు 'వి' కింద ఉంటుంది. రోమన్ లిపిలో రాసేటప్పుడు ముందు సొంత పేరు ఉంటే వాన్‌ను చిన్న అక్షరంతో మొదలుపెడతారు, ఒట్టి ఇంటిపేరే రాస్తే పెద్ద అక్షరంతో. ఈ నియమం తెలియని సాఫ్ట్‌వేర్లు వాన్‌ను మధ్య పేరుగా మింగేసి కస్టమర్ సపోర్ట్ వాళ్లకు తలనొప్పి తెస్తుంటాయి.

సముద్రం దాటిన పేర్లు ఎక్కువగా కనిపించేది న్యూయార్క్ చుట్టుపక్కల. 1664లో ఇంగ్లిష్ వాళ్లు లాక్కునే దాకా అది న్యూ ఆమ్‌స్టర్‌డామ్. ఊట్రెక్ట్ దగ్గరి బ్రేకెలెన్ బ్రూక్లిన్ అయింది, హార్లెమ్ (Haarlem) స్పెల్లింగ్‌లో ఒక అక్షరం రాలి Harlem అయింది. కోటీశ్వరుల పేరుగా వినిపించే వాండర్‌బిల్ట్ వెనక ఉన్నది ఊట్రెక్ట్ పక్కనున్న డె బిల్ట్ అనే ఊరు, ఆ మాటకు అర్థం చిన్న మిట్ట. ఇద్దరు అధ్యక్షులనిచ్చిన రూజ్‌వెల్ట్ కుటుంబం పాత పేరు వాన్ రోజెన్‌వెల్ట్, గులాబీల పొలం. అవతలి దిక్కున న్యూజీలాండ్ కూడా ఈ జాబితాలోదే. 1642లో ఆబెల్ టాస్మన్ ఆ తీరం చూసి వచ్చాక డచ్ పటాలు గీసేవాళ్లు దానికి తమ జేలాండ్, 'సముద్రపు నేల' పేరు పెట్టారు.

అమెరికాలో ఎక్కువ అయోమయం తెచ్చిపెట్టిన మాట 'కిల్'. డచ్‌లో దానికి అర్థం పాయ, ఏరు. కాట్స్‌కిల్ కొండలు, ఫిలడెల్ఫియా మీదుగా పారే స్కూల్‌కిల్ నది, అన్నిట్లోనూ అదే. న్యూజెర్సీకీ స్టాటెన్ ఐలాండ్‌కూ మధ్యనున్న జలమార్గం ఆర్థర్ కిల్. ఎడిసన్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లలో చాలామంది దాని మీది వంతెనలు దాటే న్యూయార్క్ వెళుతుంటారు. అక్కడ ఆర్థర్ అనేవాడెవడూ లేడు, ఎవరూ ఎవర్నీ చంపలేదు. 'ఆఖ్టర్ కిల్', వెనకవైపు పాయ అన్న మాట ఇంగ్లిష్ చెవులకు అలా వినిపించింది. హడ్సన్ ఒడ్డున ఫిష్‌కిల్ అనే ఊరు ఉంది, చేపల ఏరు. 1996లో జంతు హక్కుల సంస్థ ఒకటి ఆ పేరు చేపల మీద హింసను గుర్తుచేస్తోంది, మార్చమని కోరింది. ఊరివాళ్లు కుదరదన్నారు.